గంటంపావు దారి

రేపు ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్ ముందు కూర్చోవాలి. వంటగదిలో తల్లి, పన్నెండేళ్ళ కూతురు.

"మళ్ళీ చెప్పు. నాన్న దగ్గరికి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంటంపావు."

"మళ్ళీ అదే. అది విమానం గాల్లో ఉండే టైము. నువ్వేమైనా మన గుమ్మంలోంచే ఎగిరిపోతున్నావా?"

"ఆరువందల ఇరవై కిలోమీటర్లమ్మా. గంటంపావేగా. టికెట్ మీదుంది."

"టికెట్ మీద కిలోమీటర్లుండవు. ఎవరు చెప్పారు?"

"ఎవరో."

"నాన్నేనా?"

"పోయినసారి కార్లో... పదిసార్లు చెప్పించారు. కౌన్సెలర్ మేడమ్ అడిగితే గంటంపావు అనాలిట. స్కూలుబస్సు కంటే నయం అనాలిట."

"సిగ్గుండాలి. పసిదానిచేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు చెప్పిస్తాడా? సరే, ఇప్పుడు నేను చెప్పేది విను."

"ఊఁ."

"ఇక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకి యాభై నిమిషాలు. ఒంటరి పిల్లవని గంటన్నర ముందే అప్పగించాలి. గాల్లో గంటంపావు. బ్యాగు రావడానికి ఇరవై నిమిషాలు. అక్కణ్ణుంచి ఆయనింటికి ముప్పావుగంట. ఎంతయింది?"

"నాలుగ్గంటల నలభై నిమిషాలు."

"అయిదు గంటలని చెప్పు."

"ఇరవై నిమిషాలు ఎక్కువ కదా?"

"ఎదురు చెప్పకు. నెలకి రెండుసార్లు, రానూ పోనూ, మొత్తం ఇరవై గంటలు. అలిసిపోతున్నాను, చదువు పాడవుతోంది, ఇక వెళ్ళలేను అను. అలా అంటే గానీ ఈ రాకపోకలు ఆగవు."

"ఆగిపోతే నాన్నని ఎప్పుడు చూస్తాను?"

"ఆయన్నే రమ్మను. గంటంపావేగా."

"నేను రమ్మంటే వస్తారా?"

"మొహం అలా పెట్టకు. ఆ మేడమ్ ఇట్టే పసిగడుతుంది. ఇంతకీ, మీ నాన్న ఫ్రెండు, ఆవిడ ఆయనింట్లోనే ఉంటోందా?"

"పాలు పొంగుతున్నాయమ్మా."

"పొంగనీ. ఉంటోందా లేదా?"

"నాన్న కూడా ఇలాగే అడుగుతారు. అమ్మ రోజూ ఫోన్లో ఎవరితో మాట్లాడుతుందని."

"నువ్వేం చెప్పావు?"

"నీకు ఎప్పుడూ చెప్పేదే. తెలీదని."

"సరేలే, అది తర్వాత. ముందు రేపటి సంగతి చూడు. ప్రయాణం కష్టంగా ఉందా అని మేడమ్ అడుగుతుంది. ఏమంటావు?"

"అయిదు గంటలంటాను. నువ్వన్నట్టే."

"అలిసిపోతున్నానని?"

"అది మాత్రం అననమ్మా."

"ఏం? ఎందుకనవు?"

"మెడలో కార్డు తగిలించి విమానంలో కిటికీ పక్కన కూర్చోబెడతారు. ఒక అక్క వచ్చి, మంచినీళ్ళు కావాలా అంటుంది. ఇక ఎవ్వరూ ఏమీ అడగరు, ఏమీ చెప్పమనరు. ఎంత బాగుంటుందో... ఇంతలోనే దిగమంటారు. రేపు మేడమ్‌ని అదే అడుగుతాను, నాన్నని ఇంకా దూరం ఊరికి మార్చమని."