దొరసాని జాబులో ఒక మాట

1964. ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటి వసారా. పట్టు కండెలు చుడుతున్న ఎస్తేరమ్మ ఎదుట, హిందూపురం నుంచి పొద్దున బస్సుకు వచ్చిన ఇంగ్లీషు మేష్టరు ఓబన్న గంటసేపటి నుంచీ కూర్చుని ఉన్నాడు. చెప్పాల్సింది సగమే చెప్పగలిగాడు.

"మళ్ళా చెప్పండి సార్. రాట్నం సద్దులో సగం వినపళ్ళా. ఏమో మాట అంటిరే, టేకు..."

"టేక్ ఇన్. హాస్టల్లో పిల్లోల్లకు పాటలు నేర్పే దొరసాని, వాళ్ళ దేశం పొయ్యినాక హాస్టలు కమిటీకి జాబు రాసింది కదా. దాంట్లో నీ పేరుండేది ఒకే ఒక వాక్యం. ఎస్తేరమ్మ టుక్ మీ ఇన్, బతికినన్నాళ్ళు మర్చిపోను అని. కమిటీ వాళ్ళకు నేనే చదివి అర్థం చెప్తి."

"మోసం చేసిందని చెప్తిరి."

"అవునమ్మా. మోసం చేసిందనే చెప్తి."

"నేనూ ఆడే ఉంటి కదా సార్. వాకిలి కాడ."

"ఉంటివి. అదే... అదే నన్ను తినేస్తాండేది."

"ఇంగ్లీషోల్లకు మోసానికి మోసమనే మాట లేదా సార్?"

"ఉండాది. అయినా ఇట్లా చిన్న మాటలతోనే పని జరిపిస్తారు. మేక్ అంటే చెయ్యడం. వెనకాల అప్ తగిలిస్తే, లేనిది కల్పించి చెప్పడం. పుట్ అంటే పెట్టడం. ఆన్ తగిలిస్తే దొంగ నటన. టేక్ అంటే తీసుకోవడం. ఇన్ తగిలిస్తే..."

"మోసం."

"మోసమే. నేను చదువుకున్న పుస్తకంలో అంతే ఉండె. పన్నెండేండ్లు పిల్లోల్లకూ అంతే చెప్తి. మొన్న బడికి పెద్ద డిక్షనరీ వచ్చింది. తిరగేస్తా ఉంటే ఆ మాటకే ఇంగో అర్థం కనపడె."

"నీళ్ళు తాగండి సార్. ఎండన పడి వస్తిరి."

"ఆ అర్థం ఏందో అడగవా?"

"చెప్పండి."

"దిక్కులేనోల్లను ఇంట్లో పెట్టుకొని చూసుకోవడం."

"ఇంట్లో పెట్టుకొని..."

"రాట్నం ఆపినావే?"

"దారం తెగింది సార్."

"ఆయమ్మకు టైఫాయిడ్ వస్తే, పిల్లోల్లకు అంటుకుంటాదని హాస్టల్లో ఉండనీల్యా. నువ్వు నీ గుడిసెలో పెట్టుకొని, నలభై దినాలు గంజి తాపించి బతికిస్తివి. ఆయమ్మ రాసింది అదమ్మా. నేను మోసమని చదివితి. నీ ఆయా పని తీసేసిరి. చర్చిలో నీ పక్కన ఎవురూ కూచోల్యా. నువ్వు ఊరిడిచి ఈడికొచ్చి పడితివి."

"అయిపోయింది సార్, అదంతా."

"యాడయిపోయింది? కమిటీకి కాగితం రాసుకొచ్చినా. తప్పు నాదే అని సంతకం కూడా పెట్టినా. నువ్వు కింద ఏలిముద్ర వేస్తే చాలు."

"వద్దు."

"పని ఇయ్యకపోతే పోనీ. పేరన్నా..."

"వద్దు సార్. చించేయండి."

"నా మీద కోపముంటే తిట్టు. తిట్టమ్మా, పడతా."

"కోపం ఏంటికి సార్. కోపం చేసుకునే ఓపిక యాడుండాది ఇంగ."

"అయితే ఒక్కటి అడుగుతా. ఆ పొద్దు నువ్వు నోరెందుకు ఎత్తల్యా? నేనేం మోసం చేస్తి అని ఒక్క మాట అనింటే, నేను ఇంగోసారి చూసుకొనుంటి కదా."

"మజ్జిగుండాది, తెస్తా."

"మజ్జిగ వద్దు. నోరెందుకు ఎత్తల్యా?"

"బస్సుకు పొద్దయితాదేమో సార్."

"పోనీ బస్సు. చెప్పు."

"...దొరసానికి బెంగళూర్లో ఒక అక్క ఉండె. మీకు తెల్సా?"

"తెల్దు."

"జ్వరం పట్టిన పదోనాడు తంతి వచ్చె. అక్క చావుబతుకుల్లో ఉండాది, ఉన్నపళాన రమ్మని. తంతి తెచ్చినాయప్పే చదివి చెప్పె. దొరసాని అప్పుడు కండ్లు తెరిచే స్థితిలో ల్యాకుండె. కాదు సార్, తెరిచింది. ఏమొచ్చింది ఎస్తేరూ అని అడిగె. ఏమీ రాల్యా అంటి."

"ఆ ఒంటితో రైలెక్కింటే సచ్చిపోయేది కదమ్మా."

"సచ్చిపోతాదని నేననుకుంటి. ఆయమ్మను అడగల్యా. అక్క కాడ్నించి జాబొచ్చిందా అని దినామూ అడిగేది. రాల్యా, రాల్యా అని దినామూ నేను. తంతి బియ్యం కుండలో పెట్టింటి. ఈమె లేచి నాలుగడుగులు ఏసేపొద్దుకు, ఆడ అక్కను పూడ్చి మూడు వారాలు."

"మరి... తంతి దాచిన సంగతి దొరసానికి తెల్సునా?"

"నేను చెప్పల్యా సార్. మీరు ఆ జాబు చదివి మోసం అనంగానే, ఆయమ్మకు తెలిసిపొయ్యిందే అనుకుంటి."