మీ తాత చేతులు, నా కాలు

"అవ్వా, తాత వాయించిన పెద్ద డ్రమ్ముకు కాలు నీదంట గదా. ఆ ధర్మవరం పెండ్లి సంగతి చెప్పు."

ఎవురు చెప్పినారు నీకు, మీ అమ్మేనా? ఆయమ్మకు నోట్లో మాట నిలవదు. సరే, నా మాటలు రికార్డు చేసే ఆ ఫోను ఇంగ కొంచెం దగ్గర పెట్టు, నాకు గట్టిగా మాట్లాడేకి కాదు.

అప్పుడు నాకు పెండ్లయిన కొత్త. అరవై ఒకటో, రెండో. కాదు, అరవై రెండే, ఆ యేడు మా పెనుకొండ చేన్లో చెనిక్కాయ బాగా పండిండె. మా నాయనది పెనుకొండ, సేద్యం చేసేవాడు. నన్ను ఇచ్చింది హిందూపురంలో మా అమ్మ తమ్మునికే. మీ తాత నాకు సొంత మేనమామ. అంటే మా అత్త ఎవురనుకున్యావు, మా అమ్మమ్మే గదా. నిన్నటిదాకా ఒళ్ళో కూర్చోబెట్టుకోని బెల్లం పెట్టిన ముసిలామె, మెడలో తాళి పడినాక అత్త అయిపాయ. "ఏమ్మే, కల్లాపి చల్లినావా లేదా" అని మొదలుపెట్టె. సరే, ఆ కథ వేరే.

మీ తాతకు బజార్లో గుడ్డలంగడి ఉండె. పగలంతా గుడ్డ కొలిచేది, పొద్దుగూకితే పాటల పార్టీ. అప్పుట్లో పెండ్లికి ఆర్కెస్ట్రా పెట్టించడం అంటే మా పక్క శానా కొత్త. ఒకాయన హార్మోనియం, ఒకాయన పాట, మీ తాత డ్రమ్ములు. బెంగుళూరికి పోయి పాత సెట్టు కొనుక్కోనొచ్చినాడు. అదే, నువ్వు చూసినావు గదా, పెద్ద డ్రమ్ము పక్కకు తిప్పి నిలబెట్టింటారు, దానికి కింద పెడలు ఉంటాది. కాలుతో తొక్కితే గుండు మాదిరిది పోయి చర్మాన్ని కొడతాది, దబ్బుమని.

ఒక తూరి బెంగుళూరు పార్టీ హిందూపురానికి వచ్చింది. వాళ్ళ డ్రమ్ములాయన ఒంటికాలితోనే గుర్రం పరిగెత్తినట్ల వాయించినాడంట, దబదబ దబదబ అని. మీ తాత పోయి ఎట్లప్పా అని అడిగితే, ఆయప్ప కన్నడంలో, మడమతో ఒకటి, మునివేళ్ళతో ఒకటి, ఒక తొక్కుడికి రెండు దెబ్బలు, అంతే అని ఒక్క తూరి చూపించి రైలెక్కి పోయినాడు.

పోయినాడు గానీ, మా ఇంటికి నిద్ర లేకుండా చేసినాడు. మీ తాత తెల్లారి అంగడికి పోయేముందు దబ్బు, మధ్యాన్నం అన్నానికొచ్చి దబ్బు. గూట్లో ఇత్తడి చెంబులన్నీ గలగలమనేవి. మా అత్త వాకిట్లో బియ్యం ఏరుకుంటా, "ఏమప్పా, ఇల్లు కడతాండావా, పడగొడతాండావా" అని అడిగేది. ఆయప్పకు పాదమంతా ఒకేసారి పడేది. రెండో దెబ్బ రానే రాదు. నేను మిషను ముందర కూర్చోని రవికె కుట్టుకుంటా, "మామా, ఒకటొచ్చింది, ఇంగోటి యాడ పోయింది, దావలో దిగిపోయిందా" అంటాంటి. నా కంటే పెద్దోడే, అయినా చిన్నప్పటినుంచి ఎగతాళి చేసిన నోరు, ఊరికే ఉంటాదా. ఆయప్పకు కోపమొచ్చి ఒకరోజు సంగటి గూడా సగం వదిలేసి పోయినాడు.

నేను చూస్తాంటి, కుట్టు మిషను తొక్కేటప్పుడు నా పాదం ఏమి చేస్తాది? మడమ దిగతాది, వేళ్ళు దిగతాయి, మడమ, వేళ్ళు. అదే గదా ఆ బెంగుళూరాయన చెప్పిండేది అనుకుంటి. ఒక మధ్యాన్నం మా అత్త కునుకు తీస్తాంటే, డ్రమ్ము చర్మానికి పాత బొంత అడ్డం పెట్టి, చీర కొంచెం ఎగజెక్కి కూర్చుంటి. అనుకున్నంత సులువు కాదు పాపా. మిషనంటే చక్రం తిరిగి దానంతట అదే లాక్కపోతాది. ఇది మొండిది. పిక్క పట్టేసి రాత్రికి కుంటతాంటే, "ఏమే, ఏమైంది" అని మా అత్త. బావికాడ జారితి అంటి.

కొన్నాళ్ళకు తెలిసింది. గట్టిగా తొక్కకూడదు. మడమ దించేటప్పుడు ఒక దెబ్బ పడతాది, గుండు చర్మానికి తగిలి దానంతట అదే వెనక్కి ఎగురుతాది. అది వచ్చేటప్పుడు మడమ లేపి, మునివేళ్ళతో దాన్ని మళ్ళా ముందుకు తోయాల. మనం కొట్టేది ఒకటే, రెండోది దాని ఊపును మనం వాడుకునేది. ఆ రోజు బొంత తీసేసి వాయిస్తి. అబ్బా, దబదబ దబదబ, గుర్రమే.

వాయిస్తా ఉండా, మీ తాత అన్నానికొచ్చినాడు. నేను చూడలేదు. ఆయప్ప తలవాకిట్లోనే నిలబడి, బెంగుళూరాయన ఇంటికొచ్చినాడు అనుకోని, టవలుతో మొగం తుడుచుకోని, దువ్వెన తీసి తల దువ్వుకోని లోపలికొచ్చినాడు. ఇల్లంతా చూస్తే నేనొక్కదాన్నే, పొయ్యి ముందర. ఆ అలికిడికి లేచి ఉరికితి గదా.

"ఎవురు వచ్చింది?" అన్నాడు.

"ఎవురూ రాలేదు మామా."

"డ్రమ్ము వాయించింది ఎవురు?"

"పిల్లి తిరగతాండె" అంటి.

వెనక్కి పోయి దొడ్డి చూసినాడు, మంచం కింద గూడా చూసినాడు. మా అత్త లేచి కూర్చోని, "ఆ పిల్లికి కుచ్చిళ్ళు ఇంగా మోకాలి మీదనే ఉండాయి చూడు" అనె. ముసిలామె నిద్రపోలేదు పాపా, అన్ని రోజులూ వింటానే ఉండింది.

మీ తాత మొగం చూడాల్సిండె. అన్నం తినినాడు, చేయి కడుక్కున్యాడు, అప్పుడు మెల్లగా, "నాకు గూడా చూపించవే" అన్నాడు. నేను ఊరికే చూపిస్తానా? సినిమాకు తీసుకపోవాల, దావలో మల్లెపూలు అంటి. సరే అన్నాడు. ఇంగ దినామూ గుడ్డ కొలిచే కట్టె నా చేతిలో, ఆయప్ప కాలు పెడలు మీద. పాదమంతా పడితే మోకాలి మీద ఒకటేసేదాన్ని. నేర్చుకున్యాడు, లేదని చెప్పకూడదు. గుర్రమంత కాకపోయినా, గాడిద మాదిరైనా పరిగెత్తతాండె.

ఆ గాడిద పరుగు పెట్టుకోని ఊరంతా గొప్పలు. అది చెవినబడి ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారు కూతురి పెండ్లికి పిలిచె. రిసెప్షనుకు కొత్తజంట నడిచొచ్చేటప్పుడు ఆ గుర్రం దెబ్బ ఉండాల, బెంగుళూరు పార్టీ కంటే బాగుండాల అని సావుకారు మాట. అది బాగుంటే ఆ పక్క పెండ్లిండ్లన్నీ మావే, లేకుంటే ఇంగ ఎవురూ పిలవరు. పెండ్లికూతురికి రవికెలు కుట్టింది నేనే, అందుకని నేను గూడా వాళ్ళతో బయలుదేరితి.

రైలు పెనుకొండలో నిలిచె. మా ఊరు గదా, మా నాయన చెనిక్కాయల మూట తెచ్చి ఇస్తాండె. మీ తాత మామగారి ముందర ఠీవిగా దిగి మాట్లాడి, రైలు కదిలినాక ఎక్కేకి ఎగిరినాడు. ఎక్కినాడు గానీ కాలు మడతపడె. ధర్మవరంలో దిగేసరికి చీలమండ గుమ్మడికాయ మాదిరి ఊరిండె. పెడలు తొక్కే కుడికాలే. పాటాయన, హార్మోనియమాయన ఇద్దరూ బెంచీ మీద కూలబడిరి. మీ తాత తల ఎత్తలేదు. నాకు మొదటిసారి ఆయప్పను చూసి నవ్వు రాలేదు.

"మామా, చేతులు బాగుండాయి గదా" అంటి.

"చేతులుంటే ఏమి?"

"కాలు నేను పెడతా."

ఆడమనిషి పందిట్లో కూర్చోని డ్రమ్ము వాయించేది అప్పుట్లో యాడ విన్నారు? అందుకని సావుకారింట్లో పట్టుచీర ఒకటి అడుక్కోని స్టేజీ ముందర, మీ తాత నడుము ఎత్తు దాకా, అందంగా అడ్డం కట్టిరి. మీ తాత స్టూలు మీద, ఆయప్ప పక్కన కింద పీటేసుకోని నేను, నా కాలు పెడలు మీద. మోకాలితో నా భుజం తడితే మొదలుపెట్టాల, ఇంగోసారి తడితే ఆపాల. అదీ ఒప్పందం.

కొత్తజంట వస్తాంది. భుజం మీద తట్టె. మొదలుపెడితి. పాపా, ఆ పందిరి కొయ్యలు గూడా అదిరినాయి. పిల్లోళ్ళంతా ఎగురుతాండారు, అవుపడకపోయినా అరుపులు వినిపిస్తాండాయి. జంట వచ్చి కూర్చునె. మీ తాత మళ్ళా తట్టె. నేను ఆపలేదు. తెలియక కాదు, తెలిసే. అంత దూరమొచ్చి ఇంతేనా అనిపించె. ఇంగా తట్టె, ఇంగా తట్టె, ఆఖరుకు డ్రమ్ము కట్టెలు ఒళ్ళో పెట్టుకోని చేతులు కట్టుకున్యాడు. జనం చూస్తే ఏముంది, మనిషి చేతులు కట్టుకోని కూర్చోనుండాడు, డ్రమ్ము పరిగెత్తతానే ఉండాది. ఏమి విద్యప్పా అని ఒకటే చప్పట్లు.

సావుకారు పూలమాల తీసుకోని స్టేజీ ఎక్కె. "లేయప్పా, నీ కాలికి దండం పెట్టాల" అనె. మీ తాత లేయలేడు గదా. నేనింగ తొక్కేది ఆపి కింద నక్కి ఉండా. ఆయప్ప ఏమైనా అబద్ధం చెప్పి మాల వేసుకోవచ్చు, ఎవురికి తెలుస్తాది? ఆయప్ప చేయి చాపి పట్టుచీర ఒక మూల లాగేసినాడు. చీర జారిపాయ. పందిరంతా నన్ను చూస్తాంది, మోకాలికాడ కుచ్చిళ్ళు, మొగమంతా చెమట.

"కాలు ఈయమ్మది. నాకు నేర్పింది గూడా ఈయమ్మే" అన్నాడు.

సావుకారు వాళ్ళమ్మ, పండుముసిలామె, ముందర కూర్చోనుండె. ఆయమ్మ, "చీర మళ్ళా కట్టొద్దండి, మాకు అవుపడాల" అనె. అంతే. ఇంగా రెండు పాటలు అందరి ముందరే వాయిస్తి.

తర్వాత లేపాక్షి, ముదిగుబ్బ, యాడికి పోయినా ఆ కాలమ్మ వస్తాదా అని అడిగే వాళ్ళు. మీ తాత ముక్కు ఎగబీల్చేవాడు గానీ తీసుకపోయేవాడు. మీ అమ్మ కడుపులో పడినాక మానుకుంటి. లోపల ఆయమ్మ అప్పుడే తంతాండె, ఇద్దరం తంతే ఆ డ్రమ్ము ఉంటాదా...

ఏమి నవ్వతాండావు. చాల్లే, ఆ ఫోను ఆపు. పో, మజ్జిగ తాగు. చల్లగా ఉండు తల్లీ, నీకు దొరికే వాడు గూడా నలుగుర్లో నీ పేరు చెప్పేవాడు దొరకాల. ఆ... చెంబు పక్కనే ఉప్పు ఉండాది చూడు, ఈ పక్క కాదు, ఆ పక్క...