సరస్సు పక్కన చోటు

"మీ అక్క చివరి వేసవిని పాడుచేసింది నువ్వే."

అమెరికాలోని అయోవాలో, మొక్కజొన్న చేను పక్కన, లోపలే పడుకునే వీలున్న క్యాంపర్ బండి కడుగుతున్న ముసలాయన, తన మీద కోపం ఎందుకని అడిగిన బావమరిదితో ఆ మాట అన్నాడు. చేతిలో పని మాత్రం ఆపలేదు.

"అప్పుడు గడ్డి కోసి పొలంలో ఉంది బావా. వాన ముంచుకొస్తోంది."

"కౌంటీ పార్కులో బండి నిలుపుకుని ఉండాలంటే ముందొచ్చినవాడిదే చోటు. శుక్రవారం దాకా ఆగితే సరస్సు పక్కన దొరకదని చిన్నపిల్లలకీ తెలుసు. నేను మీ అక్క ఆర్లీన్‌తో ఆస్పత్రిలో ఉన్నాను. బుధవారమే నీ బండి తీసుకెళ్ళి చోటు పడతానన్నావు."

"అన్నాను."

"మేం వెళ్ళేసరికి అంతా నిండిపోయింది. హైవే పక్కన దిగాం. రాత్రంతా లారీలే. నీళ్ళు చూడాలని వచ్చిన మనిషి, కిటికీ తెర వేసేయమంది. కోతలు రాకముందే పోయింది."

"అక్క నన్ను ఒక్క మాటా అనలేదు."

"ఎందుకంటుంది? తమ్ముడి గడ్డి తడవలేదు కదా అని అడిగింది."



"ఈసారి చోటు పట్టాను బావా. నిన్ననే నా బండి పెట్టొచ్చాను. సరిగ్గా నీళ్ళకి ఎదురుగా. నువ్వు వస్తే చాలు."

"ఈ ఏడు గడ్డి లేదా?"

"ఉంది. ఇంకా కోయలేదు."

"వెళ్ళి కోసుకో. నువ్వు ఆ చోటు చూపించాల్సింది నాకు కాదు, మీ అక్కకి."

"బావా..."

"ఇవాళ అడిగావు, చెప్పాను. ఆ సరస్సు మాట ఇక నా దగ్గర ఎత్తకు. నా నోటా మళ్ళీ రాదు."