మార్చిన ముగింపు

తొమ్మిదేళ్ల కూతురు పాప్‌కార్న్ కోసం వరుసలో నిలబడగానే, నెలకోసారి వచ్చి పిల్లను చూసిపోయే మాజీ భర్తను ఆమె గోడవారకు పిలిచింది. ఒకే బొమ్మల పుస్తకం మీద తీసిన రెండు సూపర్‌హీరో సినిమాలు ఆ సినిమా హాల్లో పక్కపక్క తెరల మీద ఆడుతున్నాయి.

“పాతదే చూద్దాం,” అందామె. “ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీశారు.”

“అదా? హీరో దారానికి వేలాడుతున్నట్టు తెలిసిపోతుంది! కొత్తదాంట్లో ఎగిరితే నిజంగా ఎగిరినట్టే ఉంటుంది.”

“ఎగరడం గురించి కాదు నా గొడవ. ఇల్లొదిలి పోయిన నాన్న తిరిగొచ్చినట్టు ముగింపు మార్చేశారు.”

“వస్తే నీకేం నొప్పి? పిల్లలు సంతోషపడతారు.”

“నువ్వూ ఇలాగే సంతోషపెట్టావు. పిల్లకు చదవడం రానప్పుడు, ఒళ్లో కూచోబెట్టుకుని, ఆ పుస్తకం చివర నాన్న వచ్చేశాడని రోజూ చదివావు.”

“ఏడుస్తుందని అలా చదివాను. అదీ తప్పేనా?”

“చదవడం వచ్చాక ఆఖరి పేజీ తనే చూసుకుంది. నాన్న రాలేదు. నేనే ఆ పేజీ మార్చేశానని రెండ్రోజులు నా మొహం చూడలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పడానికి నువ్వెక్కడున్నావు?”

అతను జేబులోంచి మూడు టికెట్లు తీశాడు. “కొత్తదానికి కొనేశాను.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. “సరే, తిరిగొచ్చిన ఆ నాన్న ఎన్నాళ్లుంటాడో చెప్పు.”

“అదెందుకు చూపిస్తారు? ఆయన తలుపు కొట్టగానే సినిమా అయిపోతుంది.”

“నీకు అక్కడితో అయిపోతుంది. రేపట్నించి తలుపు చప్పుడైనప్పుడల్లా పరిగెత్తేది అది. పక్కింటావిడేలే అని చెప్పాల్సింది నేను.”