రేటు ఎక్కింది నంజీ

ఏమప్పా, చూడకుండానే తోసేస్తావే? నోటు గాదా ఇది? ఎలుతురుకు పట్టి చూడు. లోపల మనిషి బొమ్మ కనపడ్తాది. ఇంట్లో పట్టి చూసుకొనే తెచ్చినా.

తీసుకోరా? ఎట్ల తీసుకోరు! బయట నోట్లు మార్చే కొట్టని బోర్డు పెట్టి, దాని మీద అన్ని దేశాల జెండాలూ అంటించుకోని ఉండారు గదా. దీనిది పచ్చ, తెలుపు, మల్ల పచ్చ. ఆ జెండా ల్యాదా? ఇంతమంది జెండాలు ఏసి, ఈ ఒక్కదాన్నే వదిలేసినారా? బాగుండాది కత!

తోసెయ్యద్దు, ఉండు. ఈ ఎండలో బండిని పక్కింటి అంబికకు అప్పజెప్పి వచ్చినా. ఆమె తక్కెట్లో ఏం చేస్తా ఉండాదో ఆ దేవునికే ఎరుక. నాకు ఎవురి మీదా నమ్మకం ల్యాదప్పా, నీ మీద గూడా. ఉండేదే చెప్తా.

అది గాదు, అది గాదు, అది కర్పూరం. నోట్లతో పాటు సంచీలోంచి జారినట్లుండాది. ఆ పక్కన పెట్టు, దాని సంగతి మల్ల చెప్తా.

నీ పేరేంది? హేమంత్‌కుమారా? ఇంట్లో తెలుగే గదా? మాట వింటానే పట్టినా. మాది దేవనహళ్ళి పక్క. నా పేరు నంజమ్మ. ఈడనే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, మూడో వీధి మలుపులో కూరగాయల బండి. టమేటాలు, ఉల్లిగడ్డలు, సీజన్లో అవరెకాయలు. చూసింటావు. చూళ్ళేదా? సరే, మీరంతా ఫోన్లోనే కదా కూరగాయలు తెప్పించుకొనేది.

ఈ నోట్లు నైజీరియావి. నైరా అంటారు. యాడివి అంటావా? మా ఇంటాయనవి. మా ఇంటాయన సూట్‌కేసులోవి. సూట్‌కేసులో సాక్సు లోపలివి. ఇప్పుడు చెప్పు, నీకు గూడా అనుమానం వచ్చిందా ల్యాదా?

వచ్చింది గదా. మొగం చూస్తే తెలుస్తాది.

మా ఆయప్ప పేరు ఓబులేష్. పీణ్యలో ప్లాస్టిక్ బకెట్లు పోసే మిషన్ల కాడ ఫిట్టరు. కరోనా వచ్చి ఆ ఫ్యాక్టరీ మూసేసిరి. అదే మిషన్లు లాగోస్‌లో ఉండాయంట, ఆడ ఫిట్టర్లు కావాలన్యారు. పోయినాడు. నేనే పొమ్మంటి. మొదట్లో బాగానే పంపె, ఎందుకు అబద్ధం చెప్పల్ల. నెలనెలా వచ్చేది. పాప కాలేజీ ఫీజుకు ఎవురి మొగమూ చూడలా.

అంతలో ఆ దేశంలో ఎలక్షన్లు వచ్చె. టమేటా బాక్సు రెండు వేలు దాటిన ఏడాది గుర్తుండాదా? ఆ ఏడాదే. మండీలో బాక్సు మీద చెయ్యేస్తే చాలు, మనుషులు కొట్టుకొంటా ఉండిరి. నేను దుడ్లు చూసింది ఆ ఒక్క సీజన్లోనే అప్పా. ఎక్కిన రేటంటే నాకు లక్ష్మీదేవి. రేటు ఎక్కితే పండగ, రేటు దిగితే ఏడుపు. ఇరవై ఏండ్లుగా నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఆ రోజుల్లోనే ఆయప్ప ఫోను చేసినాడు. “కొత్త ప్రెసిడెంటు వచ్చినాడు నంజీ. వచ్చీ రాంగానే నైరాను వదిలేసినారు. ఇన్నాళ్ళూ సర్కారే తాడేసి పట్టుకోని ఉండె. రేటు తొమ్మిదికి ఎక్కింది” అన్యాడు. ముందు ఎంత ఉండె అంటే, ఐదున్నర అన్యాడు.

ఐదున్నర తొమ్మిది అయితే ఎవురైనా ఏమనుకొంటారు? చెప్పు!

మెల్లగ చెప్పినాడు ఆ మాట. గొంతు తగ్గించి. నేనేమనుకొంటి? పక్కనోల్లు వింటే దిష్టి తగుల్తాదని మెల్లగ చెప్తా ఉండాడు అనుకొంటి. తాడు విప్పినారంటే గాలిపటం అనుకొంటి గానీ, బాయిలో చేద అని నాకెట్ల తెలుస్తాది?

మల్ల కొన్ని నెలలకు, “పద్దెనిమిదికి పోయింది నంజీ” అన్యాడు. పద్దెనిమిది! ఆ పొద్దు ఓళిగలు చేసినానప్పా. బెల్లం పూర్ణం పెట్టి, నెయ్యేసి. వీధంతా పంచినా. మా ఆయప్ప రేటు మూడింతలు ఎక్కిందని బండికాడికి వచ్చినోల్లందరికీ చెప్పినా. అంబిక మొగం మాడిపాయె, అది చూసి నాకింకా సంతోషం.

రాత్రికి ఫోన్లో ఆయప్పకు చెప్తి, ఓళిగలు పంచినానని. “అందరూ తిన్నారా?” అన్యాడు. అంతే. పెట్టేసినాడు.

నేను నవ్వుకొంటి, చూడు.

ఇంక ఆడి నుంచి మొదలాయె. జీతం గూడా పెంచినారంట. రేటూ ఎక్కిందంట. పంపేది మాత్రం సగానికి సగం. అదేంది అంటే, “రేటు ఎక్కింది గదా నంజీ” అంటాడు. ఆ మాటే కారణమంట! సరుకు ధర ఎక్కింది కాబట్టి చేతికి తక్కువ వస్తాదని ఏ మండీలోనైనా చెప్తే, దళారీ చొక్కా పట్టుకోరా? నాకు అనుమానం రాకుంటే నేను మనిషినేనా?

మా తమ్ముడు మునీంద్ర ఉండాడు. ఆటో తోల్తాడు. వాడు ఒకే మాట అన్యాడు. “అక్కా, బావ ఆడ ఇంగో సంసారం పెట్టినాడు.” ఛీ, నోరు ముయ్యిరా అంటి. అంటి గానీ, ఆ మాట లోపల బియ్యంలో పురుగు మాదిరి తిరుగుతానే ఉండె. ఒకనాడు వీడియో కాల్లో ఆయప్ప వెనక ఎర్ర గుడ్డ ఒకటి ఆరేసి ఉండె. ఎవురిది అంటే, కర్టెనంట. కర్టెను తడిసి కారతా ఉంటాదా? ఉతికినానన్యాడు. మొగోడు కర్టెన్లు ఉతుకుతాడంటే నువ్వు నమ్ముతావా?

నమ్ముతావా! నీకు ఇంకా పెండ్లి కాలేదులే.

రెండు వారాల కింద వచ్చేసినాడు. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేసిరంట. విమానం దిగినోడు విమానం దిగినట్ల ఉండల్ల గదా. అరటి నార మాదిరి అయి వచ్చినాడు. చొక్కా వదులు, కండ్లు గుంతలు. ఆడ బియ్యం మూట ధర మూడింతలయిందంట, రెండు పూటలు తినేది మానేసినానన్యాడు. మునీంద్ర ఏమన్యాడో తెలుసా? “ఆమె సరిగ్గా పెట్టలేదేమో.”

సూట్‌కేసులో గుడ్డలు తీసి నానబెడదామని చూస్తే, సాక్సులో ఈ కట్ట. ఏంది ఇది అంటే, “అవి ఈడ చెల్లవు నంజీ, ఉండనీ” అన్యాడు. చెల్లని నోటును సాక్సులో ఎవురన్నా దాస్తారా అప్పా? మన నోట్లు ఒక రాత్రిలో చెల్లకుండా పోయినప్పుడు నేనూ చూసినా. చెల్లనిది అని తెలిస్తే పిల్లోల్లకు ఆడుకొనేకి ఇస్తాము, అంతే గానీ దాచము.

మునీంద్ర లెక్క పెట్టినాడు. తొంభై వేలు. ఫోన్లో కొట్టి చూపించినాడు, తొంభై వేలు ఇంటూ పద్దెనిమిది. పదహారు లక్షల చిల్లర వచ్చె. పదహారు లక్షలప్పా! నేను బండి తోసి తోసి అరికాళ్ళు పగిలి, ఆయప్ప పదహారు లక్షలు సాక్సులో పెట్టుకొని, చాప మీద పండుకొని, “ఏమీ ల్యాదు నంజీ” అంటా ఉండె.

ఆ పొద్దు నుంచి చాప వాకిట్లోనే ఏసినా. ఆయప్ప ఆడనే పండుకొంటాడు. పొద్దున్నే లేసి నా కంటే ముందర బండికాడికి పోతాడు. ఎవురన్నా వచ్చి “రేటెంత?” అంటే చాలు, తల వంచుకొంటాడు. దొంగ గదా, అందుకే వంచుకొంటాడనుకొంటి.

అందుకే ఈ కర్పూరం. ఈ సాయంత్రం గంగమ్మ గుడికాడికి మా వాళ్ళందరూ వస్తారు, ఆయప్పను ఈ పొద్దు బండికాడికి రావద్దు, ఇంట్లోనే ఉండమంటి. చేతిలో కర్పూరం వెలిగించి, వేరే సంసారం ల్యాదు, దాచింది ల్యాదు అని చెప్పి, ఆర్పల్ల. మాలో అదే ప్రమాణం. నేనే అడిగినా. సరే అన్యాడు. అంత తొందరగా సరే అన్యాడే అని నాకు ఇంకో అనుమానం.

మా అమ్మ ఒక మాట అంటా ఉండె. తప్పు లేనోని చేత కర్పూరం ఆర్పిస్తే ఆ కాలిన చెయ్యి ఆర్పించినోల్ల ఇంటినే కాలుస్తాదని. అందుకే వచ్చినా, సుమ్నె, ఊరికే రాలేదు. నువ్వు తీసుకోకపోతే పాయె. ఎంత అవుతాదో చెప్పు చాలు. నా ఎదురుగానే కొట్టు. మిషను ఇట్ల తిప్పు, నాకు కనపడేట్ల.

ఆఁ. తొంభై వేలు. కొట్టు.

నిలుపు! నిలుపప్పా! ఏం కొట్టినావు ఇప్పుడు? నేను చూసినా. గీత, పైన చుక్క, కింద చుక్క. అది భాగారం గదా! ఇంటు కొట్టల్ల. కూరగాయలామెకు తెలీదనుకొన్యావా? నేనూ రోజంతా కొట్టేదాన్నే ఈ మిషను. సంఖ్య పెరగాల్సిన చోట తరిగితే నాకు తెలీదా?

ఐదు వేలా?

ఎవురు చెప్పినారు నీకు? ఆయప్ప గానీ ముందే వచ్చి పోయినాడా? ల్యాదా? నా మీద ఒట్టేసి చెప్పు. సరే, ఒట్టొద్దులే. పొద్దున నుంచి ఒట్లతోనే సరిపాయె.

ఏందది, రూపాయి బిళ్ళ? ఎందుకు పెడతావు నా ముందర? ఊఁ. ఇది ఒక రూపాయి. ముందు ఐదున్నర నైరా ఇస్తే ఈ బిళ్ళ వచ్చేది. సరే. ఇప్పుడు పద్దెనిమిది నైరా ఇస్తే గానీ ఈ బిళ్ళ రాదు.

ఉండు, ఉండు. మల్ల చెప్పు. తొందరపెట్టద్దు. వెనక ఎవురో నిలబడి ఉంటే నిలబడనీ.

అంటే ఎక్కిన రేటు వాళ్ళ దుడ్లది గాదా? ఈ బిళ్ళదా? బిళ్ళ సరుకు. ఆడ ఆయప్ప చేతిలోది దుడ్లు. అంతేనా? ఆయప్ప రూపాయిలు కొని మాకు పంపుతా ఉండె. కొని!

అయ్యో, ఆయప్ప అమ్మేటోడు గాదు. కొనేటోడు.

కొంచేపు ఆగప్పా. నీళ్ళుండాయా? ఆఁ, చాలు.

నేను ఇరవై ఏండ్లుగా బండికి ఈ పక్కనే నిలబడినా. ఆ పక్క నుంచి చూడనే ల్యాదు. టమేటా మండిన ఆ ఏడాది ఒకామె వస్తా ఉండె. మంచి ఇంటామెనే. నాలుగు టమేటాలు ఏరుకొని, రేటెంత అని అడిగి, నేను చెప్తే, రెండు తీసి వెనక్కి పెట్టె. ఎవురన్నా చూస్తారేమో అని అటూ ఇటూ చూసి, మెల్లగ పెట్టె. నేను లోపల నవ్వుకొంటి. రేటు ఎక్కింది గదా, నాకు పండగ.

ఆయప్ప ఆడ ఆమె మాదిరి నిలబడి ఉండె. నెలనెలా రేటెంత అని అడిగి, సగం వెనక్కి పెట్టి, మిగిలింది మాకు పంపుతా ఉండె. నేను ఈడ ఓళిగలు పంచుతా ఉంటి.

“అందరూ తిన్నారా?” అన్యాడు గదప్పా. తిన్నోల్లకు ఇంకేం చెప్తాడు? అది పండగ గాదే పిచ్చిదానా అని ఎట్ల చెప్తాడు?

ఇప్పుడు ఇంటికి పోయి ఏమనల్ల? నీ సాక్సు ఎత్తుకొని కొట్టుకు పోయినా, ఎవురో హేమంత్‌కుమారంట, భాగారం కొట్టి చెప్పినాడు, ఇప్పుడు నమ్ముతా అనల్లా? మొగుని మాట నమ్మక మిషను మాట నమ్మినదాన్ని. ఆయప్ప దానికీ ఏమీ అనడు. అదే నాకు బేజారు.

ఒకటి చెప్తా, ఎవురికీ చెప్పద్దు. ఆడ ఇంగొక ఆడది ఉండింటే బాగుండునని నాకుండె. నిజం. ఉండింటే జుట్టు పట్టుకొని ఈడ్చేదాన్ని. దూరమైతే వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసేదాన్ని. ఏడాదికి పైగా ఆమెను తిట్టుకొంటానే బండి తోసినా. ఎర్ర చీర కట్టించినా ఆమెకు, పేరు గూడా పెట్టినా. ఇప్పుడు ఎవురిని తిట్టల్ల? ఎవురో ప్రెసిడెంటు వచ్చి ఎవురిదో తాడు విప్పితే, నా వాకిట్లో చాప పడింది. ఆ దేశం ఏ దిక్కున ఉండాదో గూడా నాకు తెలీదే. ఏ దిక్కుకు తిరిగి తిట్టేది?

ఆ కర్పూరం ఇట్లియ్యి. పారేసేకి గాదు. సాయంత్రం అందరూ వస్తారు గదా, మునీంద్ర అందరికీ చెప్పి పెట్టినాడు, వచ్చినోల్లను ఏమని పంపేది? వెలిగిస్తాము. ఆయప్ప చెయ్యి చాపుతాడు, నాకు తెలుసు. ఆ చేతిలో పెట్టను. నా చేతిలోనే పెట్టుకొంటా. ఏమని ఆర్పుతావే అంటారు. కొనేటోన్ని అమ్మేటోడు అనుకొంటి అని చెప్తా. అర్థమయినోల్లకు అయింది, కానోల్లకు పాయె.

చెయ్యి కాల్తాదా అంటే, కాలనీలే.

నోట్లు ఇయ్యప్పా, మల్ల సాక్సులోనే పెడతా, ఉండినట్లనే. పోతా. అంబిక తక్కెడ అటు దించిందో ఇటు దించిందో.

అప్పా, హేమంత్‌కుమారూ. కోపం చేసుకోవద్దు. పోయే ముందర ఇంగొక్క తూరి కొట్టు. మిషను నా పక్కకు తిప్పి, నిదానంగా. భాగారమే కొట్టు.