కారు పరదా

చనిపోయిన భార్య రఫియాకు నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన జరిగిన మర్నాడు, అతను ఒక్కడే కారేసుకుని గద్దల ఫోటోల కోసం గండిపేట వెళ్లి, పొద్దుగూకే వేళకు షాలిబండ ఇంటికి తిరిగొచ్చాడు. వాకిట్లోనే అక్క ఎదురైంది.

"పెట్రోల్ దొరకని ఈ లడాయి దినాల్ల గింత కాలవెట్టినవు, గద్ద దొరికిందా? కంటి కింద ఆ నలుపేంది?"

"ఏం లేదు ఆపా. ఇయ్యాల రాతిగుండ్లు ఎక్కలే. వెనక సీట్ల, రఫియా కూసునే జాగల, పరదాలేసుకొని కూసున్న. మనిషి కనబడకపోయేసరికి గద్ద కారు పక్కకే వచ్చి వాలింది."

"ఆ పరదాకు చిల్లు వడ్డది. ఇప్పియ్యి, కొత్తది కుట్టిస్త."

"చిల్లు పడలే ఆపా. రఫియానే కత్తిరించింది. పోగులూడకుండ చుట్టూ కుట్టుకున్నది గూడ. సరిగ్గ తన కంటి ఎత్తుల."

"నీకు చెప్పలేదా?"

"లేదు. నేను కెమెరా పట్టుకొని గుండ్లన్ని తిరిగొస్తే, దొరికిందా అని అడిగేది. బెదిరి ఎగిరిపోయింది అనేటోణ్ణి. పరదా వెనక నవ్వేది. నన్ను జూసి బెదిరిన గద్ద కారు కాడికే వస్తుండె ఆపా. ప్రతిసారి తనే చూసింది."

"మరి ఇయ్యాలన్న ఫోటో తీసినవా?"

"ఆ చిల్లుల కెమెరా పెట్టబుద్ధి కాలే. కన్ను ఆనించి చూసిన, అది ఎగిరిపోయేదాక. బట్టకు ఇంకా రఫియా కంటి సుర్మా ఉన్నది."

అక్క దుపట్టా కొస తడిపి అతని కంటి దగ్గరికి తెచ్చింది.

"తుడవకు ఆపా."