పిలిస్తే రాని మోతీ

ఏంది గట్ల చూస్తవ్? పది దినాల సంది ఒక్క కుక్కపిల్లను పిలిచి పిలిచి నా గొంతు పోయింది. నువ్వైతే గోడ మీద దండేసుకొని నిమ్మళంగ ఉన్నవ్, సారక్కా. గీ గోసంత నాకు పెట్టి పోయినవ్.

కుక్క ఎందుకంటవా? నీ బిడ్డనే అడుగు. రెండో కరోనల నువ్వు పోయినంక సింధూజ మాట్లాడుడే బంద్ చేసింది. బడి లేదాయె, ఫోన్ల క్లాసులు. నేను బట్టల కార్ఖానల సాంచాల మీదికి, గా కరెంటు మగ్గాల మీదికి పోతె, పన్నెండు గంటలు ఊరు గాని ఊరు భేస్తాన్ల గీ అర్రల ఒక్కతే. పన్నెండేండ్ల పిల్ల, గోడలతోటి ఎంతసేపని మాట్లాడుతది? ఒకనాడు అన్నది, "బాపూ, కుక్కపిల్లను తేవా?" అని. మూడు నెలలల్ల నోరు తెరిచి అడిగింది గదొక్కటే. కాదని ఎట్లంటనే?

ఫోన్ల చూసి పెద్ద చదువే చదివింది. లాబ్రడార్ అయితె చెప్పింది జల్ది నేర్చుకుంటదట, పిల్లలున్న ఇంటికి మంచిదట. సరే, మాట ఇనేదాన్నే తెద్దామన్న. మా మేస్త్రి పరమేశ్వర్‌కు ఎరుకైనాయన కామ్‌రేజ్‌ల ఒక కార్ఖాన పక్కనే కుక్కలను పెంచుతడు. పోయినం. నాలుగు పిల్లలున్నయ్. సింధుకు తెల్లది నచ్చింది, ఎగిరెగిరి చెయ్యి నాకుతున్నది.

నేను ఆగు బిడ్డా అన్న. ముప్పై ఏండ్ల సంది సాంచాల మీద ఉన్నోన్ని, నాకు తెల్వదా? కొత్త పనోడు వస్తె ఏం చూస్తం? సాంచాలన్నీ ఒక్కసారి షురూ అయితె ఉలిక్కిపడ్డడా లేదా చూస్తం. ఉలిక్కిపడేటోడు పనిల నిలువడు. కుక్కకు గూడ గదే పరీక్ష పెట్టిన. అంతల్నే పక్క కార్ఖానకు కరెంటొచ్చి సాంచాలు మోగినయ్. మూడు పిల్లలు తోక ముడిచి తల్లి కిందికి ఉరికినయ్. గీ గోధుమరంగుది కదలలే, మెదలలే. కూసొని కాలు నాక్కుంటున్నది. "గుండె గట్టిది, గిదే కావాలె" అన్న. పరమేశ్వర్ గూడ శబాష్ అన్నడు.

నీకు అప్పుడే సమజైంది గదా? నాకు కాలే.

మోతీ అని పేరు పెట్టింది సింధు. "మోతీ, ఇధర్ ఆ. మోతీ, బైఠ్." ఎవలకు చెప్తున్నవ్? తలకాయే తిప్పదు. బతిలాడింది, బెదిరిచ్చింది, ఆఖరికి ఏడ్చింది. నేను కసిరిన. ఖాతరే లేదు. పక్కింటి ఐలమ్మ వచ్చి "ఎడ్డిదాన్ని అంటగట్టిండ్రు నీకు" అని పోయింది.

నిన్న ఐతారం. నోట్లె బుక్క ఉండె. అలవాటు కొద్ది చెయ్యి ఇట్ల నోటికాడికి ఎత్తి, రమ్మని వేళ్లాడిచ్చిన. నువ్వు సద్ది తెచ్చి, కార్ఖాన దర్వాజల నిలవడి చేసేదానివి సూడు, గా సైగనే. సాంచాల మోతల ఇంకెట్ల మాట్లాడుకుంటం? గంతే, మోతీ ఉరికొచ్చి నా ముంగట కూసున్నది. పొద్దుగూకేవరకు ఆగుడు, పండుడు గూడ సైగతోనే పట్టుకున్నది.

సింధు దాని వెనుకకు పోయి అన్నం తినే తలెను గంటెతోటి గణగణ మోగిచ్చింది. అది చెవు గూడ ఆడియ్యలే. "బాపూ, దీనికి ఇనరాదు. వాపస్ ఇద్దాం, ఇనేదాన్ని తెచ్చుకుందాం" అన్నది.

పిల్ల తప్పేమున్నది? పిలిస్తె పలికే తోడు కావాలె దానికి. నేనే గయ్యిన లేచిన. "ఇనరాకుంటె ఇడిచిపెడ్తవా?" అన్న. బిత్తరపోయింది. గంత కోపం ఎందుకొచ్చిందో దానికి తెల్వదు. నీకూ తెల్వదు.

నాకు ఇనరాదే, సారక్కా.

కుడి చెవు పోయి నాలుగేండ్లాయె. ఎడమది సగమే. సాంచె చప్పుడు మారితె పట్టేటోడు కావాలె సేటుకు, అందుకే దాచిన. నీ దగ్గర గూడ దాచిన. పిలిస్తె పలుకకపోతె పొగరు అంటుంటివి. పొగరు కాదే. ముంగట ఉంటె మూతి చూసి పట్టుకుంట. ఫోన్ల మూతి యాడుంటది?

దవాఖాన నుంచి ఆఖరిసారి నర్సమ్మ ఫోన్ కలిపింది సూడు. మూతికి ఆక్సిజన్, సన్నటి గొంతు. చానసేపు చెప్పినవ్. ఒక్క ముక్క ఇనరాలే నాకు. మల్ల చెప్పుమంటె ఆయాసపడుతవని "సరే, అట్లనే, సరే" అన్న. తెల్లారి నువ్వు లేవు.

"అమ్మ ఏమన్నది బాపూ" అని అడుగుతది సింధు. నిన్ను మంచిగ చదివియ్యిమన్నదని చెప్పిన. నేను అల్లిన మాట అది. దేనికి సరే అన్ననో నాకే తెల్వదు. నీ మాట నిలవెడుతున్ననో తప్పుతున్ననో తెల్వకుంటనే బతుకుతున్న.

మోతీని వాపస్ ఇయ్యనే ఇయ్య. ఇయ్యాల పనికి పోకుంట పొద్దుగాల సంది సింధుకు సైగలు నేర్పుతున్న. కుక్క కోసమే అనుకుంటున్నది పిల్ల. అనుకోని తియ్.

నువ్వు గూడ ఆనాడు ఏమన్నవో జర చేతులతోటి చెప్పరాదే, ఒక్కసారి.

యాడ చెప్తవ్? ఆధార్ కార్డు ఫోటోనే పెద్దగ చేపిస్తిమి. మెడదాకనే ఉన్నవ్.